అడ్రస్సు వద్దు, పేరు వెతకండి

పోయిన ఆడి నెలలో మా అమ్మ కుట్టుపనికి ఒక పాంప్లెట్ వేయించాము. ఆషాఢం పోయి శ్రావణం వస్తే పెళ్ళిళ్ళు మొదలవుతాయి. పెళ్ళిళ్ళు మొదలైతే జాకెట్ల పని వస్తుంది. మా ఇంట్లో ఏడాదికి సరిపడే డబ్బు చేతికి వచ్చేది ఆ రెండు మూడు నెలల్లోనే. నా కాలేజీ ఫీజు కూడా దాంట్లోనే. అందుకని 500 పాంప్లెట్లు వేయించి, పేపర్ వేసే పిల్లోడి చేతికిచ్చి, హోసూరులో బాగలూరు రోడ్డు పక్క ఇళ్ళకూ, మత్తిగిరి పక్కకూ పంపించాము.

మా అన్న అంతకు ముందే అమ్మ చేసిన మగ్గం వర్క్ ఫోటోలన్నీ పెట్టి ఒక చిన్న వెబ్‌సైట్ చేసినాడు. ఉచితంగా ఇచ్చే చోట చేసినాడు కాబట్టి దాని అడ్రస్సు చాలా పొడుగు. మధ్యలో గీతలు, చుక్కలు, అంకెలు. ప్రెస్సులో డిజైన్ వేసే ఆయన అది చూసి నవ్వినాడు.

"ఇంత పొడుగు ఎవరు టైపు చేస్తారు పాపా? ఇప్పుడంతా పేరు కొట్టి వెతకడమే. ఒక పెట్టె బొమ్మ వేసి దాంట్లో షాపు పేరు రాద్దాం, పక్కన భూతద్దం పెడదాం. చాలు" అన్నాడు.

మాకూ నచ్చింది. పాంప్లెట్ నడిమధ్యలో పెట్టె బొమ్మ, దాంట్లో "లక్ష్మి మగ్గం వర్క్స్" అని పేరు, దాని కింద "ఫోన్‌లో వెతకండి, ఫోటోలు చూడండి" అని ఒక మాట. ఫోన్ నంబరు మాత్రం అడుగున చిన్న అక్షరాల్లో పడింది.

పది రోజుల్లో ఏడు ఫోన్లు వచ్చినాయి. పోయినేడు పాంప్లెట్టే లేదు, అయినా ఇంతకంటే ఎక్కువ వచ్చినాయి. సంగతి ఏమిటో పదకొండో రోజు తెలిసింది. మా వీధి చివర పెళ్ళి కుదిరిన ఇంటామె గుడి దగ్గర అమ్మకు ఎదురై, "ఏమక్కా, మూడు జాకెట్లకు అడ్వాన్స్ ఇచ్చినాము, ఎప్పటికి ఇస్తారు?" అని అడిగింది. అమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఆమె మా పాంప్లెట్ చూసే వెతికింది. మొదట వచ్చిన షాపు మాదే అనుకుని, ఆ నంబరుకు ఫోన్ చేసి, బండి మీద పోయి పెళ్ళి జాకెట్లు ఇచ్చి వచ్చింది. అది లక్ష్మి పేరే ఉండే వేరే షాపు. వాళ్ళు మోసం ఏమీ చేయలేదు. వచ్చిన బేరం తీసుకున్నారు, అంతే. మా డబ్బుతో వేసిన పాంప్లెట్ వాళ్ళకు గిరాకీ తెచ్చిపెట్టింది.

"పేరు మనదే, గిరాకీ వాళ్ళది" అనింది అమ్మ. కోపంగా కాదు, ఊరికే అనింది. నాకు మాత్రం ఆ మాట పోలేదు. ఈ "పేరు వెతకండి" అనే పద్ధతి ఎక్కడ పుట్టింది, ఎట్లా పని చేస్తుంది, ఎక్కడ మునుగుతుంది అని కంప్యూటర్ సైన్స్ మేడమ్‌ని అడిగి, లైబ్రరీలో కూర్చుని చదివి, తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మనలో చాలామంది ఇళ్ళల్లో ఏదో ఒక చిన్న యాపారం ఉంది కాబట్టి పనికొస్తుందని అనుకుంటున్నాను.

తలుపు నంబరు, బస్టాండు దారి

వెబ్ అడ్రస్సు అంటే తలుపు నంబరు లాంటిది. ప్రపంచం మొత్తంలో ఆ అడ్రస్సు ఒక్కరికే ఉంటుంది. డబ్బు కట్టి రిజిస్టర్ చేసుకుంటే, గడువు తీరేదాకా ఇంకొకరు తీసుకోలేరు. అక్షరం తప్పకుండా టైపు చేస్తే నేరుగా ఆ తలుపు ముందే దిగుతాము. ఒక్క అక్షరం తప్పితే మాత్రం వేరే ఇంటికో, ఇల్లే లేని చోటికో పోతాము.

పేరు వెతకడం అట్లా కాదు. అది బస్టాండులో దిగి "లక్ష్మక్క ఇల్లు ఎక్కడ?" అని టీ అంగడిలో అడగడం లాంటిది. ఊళ్ళో ఎందరు లక్ష్మక్కలు ఉన్నారో! టీ అంగడాయన తనకు బాగా తెలిసిన లక్ష్మక్కనో, ఎక్కువమంది అడిగే లక్ష్మక్కనో, దగ్గరగా ఉండే లక్ష్మక్కనో చూపిస్తాడు. పక్కనే ఉండే ఆటో ఆయన తనకు కమీషన్ ఇచ్చే లక్ష్మక్క దగ్గరికి తీసుకుపోతాడు. సెర్చ్ ఇంజన్ చేసేదీ ఇంచుమించు ఇదే. మనం ఏ ఊరిలో ఉన్నాము, ఏ భాషలో అడిగినాము, ఆ పేజీకి ఇంకెన్ని పేజీలు దారి చూపిస్తున్నాయి, ఇట్లాంటివి చాలా చూసి వరుస కడుతుంది. ఆ వరుసకు పైన డబ్బు కట్టినవాళ్ళ ప్రకటనలు ఉంటాయి. వాటి మీద "స్పాన్సర్డ్" అని చిన్నగా రాసి ఉంటుంది. మన కళ్ళు దాని మీద పడవు.

ఇంకొక సంగతి. ఒకే మాట రెండు ఫోన్లలో వెతికితే రెండు రకాలుగా రావచ్చు. పాంప్లెట్ వేసే ముందు మా అన్న ఫోన్‌లో వెతికి చూసినాము. మా సైటే మొదట వచ్చింది. ఎందుకు రాదు? రోజూ పదిసార్లు అదే సైటు తెరిచే ఫోన్ కదా అది! మా ఇంటికి దారి మమ్మల్నే అడిగి, సరిగ్గా చెప్పినామని సంతోషపడినట్టు అయింది.

జపాన్ రైళ్ళలో గీసిన పెట్టె

ప్రెస్సాయన చెప్పిన పెట్టె బొమ్మ ఆయన కనిపెట్టింది కాదు. ఈ పద్ధతి బాగా వేళ్ళూనింది జపాన్‌లో. 2000 తర్వాతి పదేళ్ళలో అక్కడి రైళ్ళలో పైనుంచి వేలాడే ప్రకటనల్లోనూ, టీవీలోనూ వెబ్ అడ్రస్సులు తగ్గిపోయి, వాటి చోట ఒక వెతుకు పెట్టె బొమ్మ వచ్చింది. పెట్టెలో ఒకటో రెండో మాటలు, పక్కన "కెన్‌సాకు" అనే బటను, దాని మీద మౌసు బాణం. కెన్‌సాకు అంటే వెతుకులాట. టీవీ ప్రకటన చివర గొంతు కూడా "ఫలానా మాటతో కెన్‌సాకు" అని చెప్పేది. కథను సగంలో ఆపి "త్సుజుకి వా వెబ్బు దే", అంటే తరువాయి వెబ్‌లో, అని ముగించే ప్రకటనలు కూడా ఆ రోజుల్లో బాగా నడిచినాయి.

కొరియాలోనూ ఇదే దారి. అక్కడ ఎక్కువమంది వాడే నేవర్ అనే సెర్చ్ ఇంజన్‌కు ఆకుపచ్చ రంగు పెట్టె ఉంటుంది. ప్రకటనల్లో ఆ ఆకుపచ్చ పెట్టె గీసి మాట రాస్తే చాలు, ఎక్కడ వెతకాలో వేరే చెప్పే పనే లేదు.

ఎందుకు ఈ దేశాల్లోనే అంతగా నాటుకుంది? నాకు తోచిన పెద్ద కారణం లిపి. వెబ్ అడ్రస్సు ఇంగ్లీషు అక్షరాల్లో పుట్టింది. జపాన్ వాళ్ళు రాసేది కంజి, హిరగన, కతకన అనే మూడు రకాల రాతలు కలిపి. షాపు పేరు వాళ్ళ నోట్లో ఒక రకం, వాళ్ళ రాతలో ఇంకొక రకం. దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చితే ఎవరి మార్పు వాళ్ళది. పైగా ఆ రోజుల్లో అక్కడ చాలామంది నెట్ చూసింది అంకెల బటన్ల ఫోన్లలో. ఆ బటన్ల మీద ఇంగ్లీషుకు మార్చుకుని, చుక్కలూ గీతలూ వెతుక్కుని కొట్టడం ఎంత కష్టమో, మా అవ్వ పాత ఫోన్‌లో మెసేజ్ కొట్టిన వాళ్ళకు తెలుసు. అదే సొంత భాషలో రెండు మాటలైతే రైలు దిగేదాకా గుర్తుంటుంది. గుర్తుండడమే కదా ప్రకటనకు కావలసింది.

చైనావాళ్ళు ఇదే కష్టాన్ని ఇంకొక రకంగా దాటినారు. అక్కడ చాలా అడ్రస్సులు అంకెలే. రైలు టికెట్లు తీసే ప్రభుత్వ సైటు 12306. పేరున్న ఒక ఈమెయిల్ సైటు 163. అంకెలు ఏ భాష వాళ్ళకైనా అంకెలే కదా.

అసలు ఆ అడ్రస్సు రూపమే మనుషుల కోసం ఆలోచించి చేసింది కాదేమో అనిపిస్తుంది. వెబ్‌ను తయారు చేసిన టిమ్ బెర్నర్స్-లీ గారే, అడ్రస్సు మొదట్లో వచ్చే ఆ రెండు ఏటవాలు గీతలు నిజానికి అవసరం లేదని 2009లో ఒప్పుకున్నారు.

మాట ఎవరిది?

జపాన్ కంటే ముందే అమెరికాలో ఇట్లాంటిది ఒకటి జరిగింది. 1990లలో అక్కడ ఏఓఎల్ అనే కంపెనీ ద్వారా లక్షలమంది నెట్‌లోకి పోయేవాళ్ళు. దాంట్లో "కీవర్డ్" అని ఒక ఏర్పాటు ఉండేది. కంపెనీలు టీవీ ప్రకటన చివర తమ కీవర్డ్ చెప్పేవి. అది కొడితే నేరుగా వాళ్ళ పేజీ. అయితే ఆ మాటలన్నీ ఏఓఎల్ చేతిలో. అట్లాగే రియల్‌నేమ్స్ అనే కంపెనీ మామూలు మాటలనే అడ్రస్సులుగా అమ్మింది. మైక్రోసాఫ్ట్ బ్రౌజరులో అవి పని చేసేవి. 2002లో మైక్రోసాఫ్ట్ ఒప్పందం కొనసాగించలేదు, రియల్‌నేమ్స్ మూతపడింది. డబ్బు కట్టి మాట కొనుక్కున్న వాళ్ళకు చివరికి ఆ మాట మిగలలేదు.

2006లో ఇంకా చిత్రం జరిగింది. జనరల్ మోటార్స్ వాళ్ళు తమ పాంటియాక్ కారు గురించి టీవీలో ప్రకటన ఇచ్చి, చివర "మా మాట నమ్మొద్దు, గూగుల్‌లో పాంటియాక్ అని వెతకండి" అనే అర్థంలో ముగించినారు. మాజ్దా అనే పోటీ కంపెనీ ఊరుకుంటుందా? పాంటియాక్ అనే మాట మీద తనే ప్రకటన కొనింది. జనం పాంటియాక్ అని వెతికితే, మా కారుతో పోల్చి చూడండి అని మాజ్దా ప్రకటన కూడా కనిపించింది. టీవీ ఖర్చు ఒకరిది, దారి పక్కన అంగడి ఇంకొకరిది. ఇది చదివినప్పుడు నాకు అమ్మ అన్న మాటే గుర్తొచ్చింది. జనరల్ మోటార్స్‌కు జరిగిందే మా అమ్మకూ జరిగింది!

ఇది తప్పు కాదా అని మీరు అడగవచ్చు. కోర్టులూ ఈ ప్రశ్న చూసినాయి. యూరప్ న్యాయస్థానం 2010 మార్చిలో లూయి విటాన్ అనే సంచుల కంపెనీకీ గూగుల్‌కూ మధ్య వ్యాజ్యంలో తీర్పు ఇచ్చింది. ఒకరి బ్రాండు పేరును ఇంకొకరికి ప్రకటన మాటగా అమ్మినంత మాత్రాన గూగుల్ ఆ ట్రేడ్‌మార్కును వాడినట్టు కాదనింది. అయితే ఆ ప్రకటన చూసిన మామూలు మనిషికి అది ఎవరి సరుకో తెలియకుండా పోతే, ప్రకటన ఇచ్చినవాళ్ళను బ్రాండు యజమాని ఆపవచ్చనింది. మన దేశంలో ఢిల్లీ హైకోర్టు 2023 ఆగస్టులో, ట్రేడ్‌మార్కును ప్రకటన మాటగా వాడటం చట్టం దృష్టిలో "వాడకమే" అని చెప్పింది. వాడినంత మాత్రాన తప్పు కాదు, జనం తికమకపడేట్టు ఉంటేనే తప్పు అని కూడా చెప్పింది. ట్రేడ్‌మార్కు ఉన్నవాళ్ళ గొడవ అది. లక్ష్మి అనే పేరు మీద మా అమ్మకు ఏ హక్కు ఉంటుంది? ఆ పేరు అమ్మవారిది. ఊళ్ళో సగం అంగళ్ళది.

మన ఊళ్ళో ఒక పేరుకు ఎన్ని రాతలు

ఇక మన సంగతికి వస్తాను. తెలుగు శాఖ గోడపత్రికలో రాయాలనిపించింది నిజానికి ఇందుకే.

లక్ష్మి అని ఇంగ్లీషు అక్షరాల్లో రాయమంటే మా క్లాసులోనే మూడు రకాలుగా రాసినారు. మధ్యలో కే-ఎస్-హెచ్ పెట్టిన వాళ్ళు కొందరు, ఎక్స్ పెట్టిన వాళ్ళు కొందరు, చివర ఐ బదులు వై పెట్టిన వాళ్ళు ఒకరిద్దరు. గీత, లత లాంటి పేర్లలో తకారానికి మన దక్షిణాదిలో టీ పక్కన హెచ్ పెడతాము. ఉత్తరాది వాళ్ళు ఉత్త టీతో సరిపెడతారు. దీర్ఘానికి ఏ రెండు సార్లా, ఒకసారా? ఎవరిష్టం వాళ్ళది.

తమిళ లిపిలో రాస్తే ఇంకొక కష్టం. తమిళంలో కకారానికీ గకారానికీ ఒకటే అక్షరం, పకారానికీ బకారానికీ ఒకటే అక్షరం. బాబు అని రాసినా పాపు అని రాసినా మొదటి అక్షరం ఒకటే. చదివేవాళ్ళు అలవాటు కొద్దీ సరిగ్గా పలుకుతారు. మన తెలుగు ఇంటిపేర్లు, ఊళ్ళ పేర్లు తమిళ బోర్డుల మీద ఎట్లా మారిపోయి ఉంటాయో రోజూ బస్సులో చూస్తూనే ఉన్నాము కదా. దానికి తోడు బాగలూరు దాటితే కన్నడ. ఒక్క పేరుకు తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లీషు కలిపి ఎన్ని రాతలో లెక్క వేసుకోండి. ఈమధ్య చాలామంది టైపు చేయడం మానేసి మైకు నొక్కి మాట్లాడుతున్నారు. ఫోన్ తమిళంలో వినేట్టు పెట్టి ఉంటే మన తెలుగు మాటను కూడా అది తమిళ మాటగానే వింటుంది. మా అవ్వ "మగ్గం" అని మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఫోన్ వేరే ఏదో రాసింది. "దీనికి చెవుడు ఉండాది" అనింది అవ్వ.

అన్నిటికంటే పెద్ద పొరపాటు రాతలో కాదు, మాటలోనే ఉంది. అది కనిపెట్టింది ఒక తమిళ స్నేహితురాలు. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, కొక్కెం సూదితో పూసలూ జరీ కుట్టే పనిని మన ఇళ్ళల్లో మగ్గం వర్క్ అంటాము. ఆంధ్ర, తెలంగాణల్లోనూ అదే మాట. కానీ తమిళనాడులో దాన్ని ఆరి వర్క్ అంటారు. మా పాంప్లెట్ అందిన ఇళ్ళల్లో సగానికి పైగా తమిళం మాట్లాడే ఇళ్ళు. మగ్గం అనే మాట వాళ్ళెప్పుడూ వెతకరు. వాళ్ళ నోట్లో లేని మాటను పెట్టెలో రాసి, వెతకండి అన్నాము. మా అమ్మకు పని తెలుసు. ఆ పని పేరు పక్కింటి భాషలో ఏమిటో మా పాంప్లెట్‌కు తెలియలేదు.

జపాన్ పద్ధతి అక్కడ నడవడానికీ, మన దగ్గర కాలు జారడానికీ తేడా ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది. అక్కడ రైలు పెట్టెలో ఉన్న అందరూ ఇంచుమించు ఒకే భాషలో, ఒకే రాతలో వెతుకుతారు. మన ఊళ్ళో ఒకే వీధిలో మూడు భాషలు. వెతికే మాట అంటే జనం నోట్లో నానే మాట. ఎవరి నోట్లో అని ముందు అడగాలి.

పేరు నమ్మి పోతే

పేరు వెతకడంలో పోయేది గిరాకీ ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. మా చిన్నమ్మకు డబ్బే పోయింది. ఆన్‌లైన్‌లో తెప్పించిన కుక్కరు పగిలి వస్తే, డబ్బు వెనక్కి తెప్పించుకుందామని కస్టమర్ కేర్ నంబరు వెతికింది. పైన కనిపించిన నంబరుకు ఫోన్ చేసింది. అవతలివాడు మర్యాదగా మాట్లాడి, ఒక యాప్ పెట్టించి, ఆమె ఫోన్ తెర తనకు కనిపించేట్టు చేసుకుని, 9,000 రూపాయలు తీసుకున్నాడు. కంపెనీది కాదు ఆ నంబరు. కంపెనీ పేరుతో ఎవడో పెట్టిన నంబరు. ఇట్లాంటి దొంగ కస్టమర్ కేర్ నంబర్ల గురించి పోలీసులు, బ్యాంకులు ఎప్పటినుంచో హెచ్చరిస్తూనే ఉన్నారు. అట్లా పోగొట్టుకుంటే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. మా చిన్నమ్మ సిగ్గుపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు రోజులే కొంప ముంచినాయి.

పాత తలుపు నంబరు విలువ ఇక్కడ తెలుస్తుంది. పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు, అడ్రస్సు ఒక్కరిదే. రిజర్వ్ బ్యాంకు కూడా ఈ దారిలోనే ఆలోచించింది. బ్యాంకుల వెబ్ అడ్రస్సులన్నీ "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అని ముగిసేట్టు 2025 అక్టోబరు 31 లోపల మార్చుకోవాలని చెప్పింది. ఆ ముగింపును బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. ఇచ్చేది హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ. కాబట్టి బ్యాంకు పని అయితే పేరు వెతకకుండా, అడ్రస్సు చివర చూసుకోవడం నేర్చుకోవాలి. కస్టమర్ కేర్ నంబరు కావాలంటే కార్డు వెనకనో, పాసుబుక్కు మీదనో, ఆ కంపెనీ యాప్ లోపలనో చూడాలి.

రెండోసారి పాంప్లెట్

శ్రావణం సగం పోయినాక, మిగిలిన డబ్బుతో ఇంకొక 200 పాంప్లెట్లు వేయించాము. ఈసారి ఏం మార్చినామో వరుసగా చెప్తాను.

ఫోన్ నంబరు పైకి తెచ్చి పెద్ద అంకెల్లో వేసినాము. వెతికే అవసరమే లేనివాళ్ళను వెతకమనడం ఎందుకు?

క్యూఆర్ కోడ్ పెట్టినాము. ఇది కూడా జపాన్‌దే. 1994లో డెన్సో అనే కంపెనీలో కారు భాగాల లెక్క కోసం తయారు చేసినారు. ఇప్పుడు కూరగాయల అంగడిలో డబ్బు కట్టడానికి రోజూ వాడుతున్నాము కాబట్టి ఎవరికీ నేర్పించే పని లేదు. దాంట్లో ఉండేది అడ్రస్సే. టైపు చేయకుండానే నేరుగా తలుపు ముందు దిగుతారు. ఏ భాష వాళ్ళైనా పరవాలేదు. అయితే కోడ్ మీద ఎవరైనా వేరే స్టిక్కరు అంటిస్తే అది వేరే తలుపుకు తీసుకుపోతుంది. అందుకని దాని పక్కనే అడ్రస్సు కూడా అచ్చు వేసినాము. మా అన్న ఏడాదికి డబ్బు కట్టి చిన్న అడ్రస్సు తీసుకున్నాడు.

షాపు పేరు మార్చడానికి అమ్మ ఒప్పుకోలేదు. "అమ్మవారి పేరు తీసేదా?" అనింది. అందుకని లక్ష్మి ముందు మా అవ్వ ఊరి పేరు చేర్చినాము. ఊరి పేరుతో కలిపి వెతికితే ఇంకొక షాపు రావడం లేదు. పాంప్లెట్ పనికి ఇది ముఖ్యం అని తెలిసింది. వెతికే మాట ఇంకెవరికీ లేనిదై ఉండాలి, అయినా విన్న వెంటనే రాయగలిగేదై ఉండాలి. రెండూ కుదిరే మాట దొరకడం కష్టమే. మరీ వింత మాట అయితే సెర్చ్ ఇంజనే దాన్ని తప్పనుకుని "మీరు ఇది అనుకున్నారా?" అని తెలిసిన మాటకు మార్చేస్తుంది.

వెబ్‌సైట్‌లో మగ్గం వర్క్, ఆరి వర్క్ రెండు మాటలూ, తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లీషు నాలుగు రాతల్లో రాసినాము. తమిళం నా స్నేహితురాలు, కన్నడం మా పిన్ని కూతురు రాసి ఇచ్చినారు. గూగుల్ మ్యాపులో షాపును ఉచితంగా చేర్చినాము. ఆ తర్వాత మా ఇంటి ఫోన్లు కాకుండా, క్లాసులో ఆరుగురి ఫోన్లలో వెతికి చూసినాము. నలుగురి ఫోన్లలో పైన వచ్చింది. ఇద్దరి ఫోన్లలో కిందికి పోయి చూడాల్సి వచ్చింది.

ఈ రెండో పాంప్లెట్‌తో ఎంత పని వచ్చిందంటే, పోయినేటి అంత వచ్చింది. మొదటి పది రోజుల నష్టం మాత్రం తిరిగి రాలేదు. ఆ మూడు పెళ్ళి జాకెట్లు మా అమ్మ చేతిలో కుట్టాల్సినవి. పెళ్ళిలో వాటిని చూసి వచ్చింది అమ్మ. "బాగానే కుట్టినారు" అనింది. కాసేపయ్యాక, "వెనక పక్క నెమలి మెడ కొంచెం వంకర" అని కూడా అనింది.

ఒక మాట చెప్పి ముగిస్తాను. నాలుగు రాతల్లో పని పేర్లు రాస్తున్నప్పుడు, మా అమ్మ వాడే మాటలు ఒక్కొక్కటీ తెలుగు లిపిలో వెతికి చూసినాను. మగ్గం అంటే చాలా వచ్చింది, ఆంధ్ర నుంచి. కానీ మా అవ్వ కుట్ల పేర్లు కొన్ని వెతికితే ఏమీ రాలేదు. ఆ కుట్లు లేక కాదు. వాటి పేర్లు ఎవరూ ఎక్కడా రాయలేదు కాబట్టి. మన దేశానికి తెలుగు లిపిలోనే డాట్ భారత్ అనే అడ్రస్సు ముగింపు ఉంది. తలుపు ఉంది, లోపల సామాను తక్కువ. వెతికే యంత్రం ఎంత గొప్పదైనా రాసినదాన్నే వెతుకుతుంది, మన నోట్లో ఉన్నదాన్ని కాదు.

అందుకని ఒక చిన్న మనవి. మీ ఇంట్లో ఎవరికైనా అంగడి, కుట్టుమిషను, ఊరగాయల పని, పూల యాపారం ఉంటే, ఆ పనిలో వాడే తెలుగు మాటలు ఒక కాగితం మీద రాసుకుని రండి. పక్కన తమిళంలో, కన్నడంలో దాన్ని ఏమంటారో కూడా రాయండి. శుక్రవారం తెలుగు గంట తర్వాత కూర్చుని, ఒకరి ఫోన్‌లో ఒకరివి వెతికి చూద్దాం. దొరకని మాటల జాబితా వచ్చే నెల ఇదే గోడ మీద పెడతాను.